జెల్‌మాలో సి2సి12 కణాలు బతికే ఉన్నాయి, మయోట్యూబులుగా ఎందుకు కలవట్లేదు?

పాలమూరు నుంచి మీరడిగింది ఇదీ: 10 శాతం జెల్‌మాలో (వెలుతురు పడితే గట్టిపడేలా మార్చిన జెలటిన్) సి2సి12 కణాలు (కండరంగా మారగల చిట్టెలుక కణాలు) పొదిగారు, వారం దాటినా దాదాపు అన్నీ బతికే ఉన్నాయి, కానీ గుండ్రంగానే ఉండిపోయాయి, ఒకదానితో ఒకటి కలిసి పొడవాటి కండర గొట్టాలు (మయోట్యూబులు) కాలేదు. 10 శాతమే ఎందుకంటే, కండరం గట్టిదనం 12 కిలోపాస్కల్ అని చదివి దానికి దగ్గరగా పోదామని.

చిక్కంతా ఆ అంకెలోనే ఉంది. 12 కిలోపాస్కల్ అనేది కణాలను జెల్ పైన పరచి చేసిన ప్రయోగాల్లో తేలిన లెక్క. పైనున్న కణం అడ్డు లేకుండా సాగుతుంది, పక్క కణాన్ని చేరుకుంటుంది. మీ కణాలు జెల్ లోపల ఉన్నాయి. జెల్‌మాలో గట్టిదనం పెంచడమంటే వల కన్నాలను చిన్నవి చేయడమే. ఎండకు బిర్రబిగిసిన రేగడిలో వేరు దిగనట్టు, కణం చేయి చాపలేదు. అది తన ఎంజైములతో జెలటిన్‌ను తెంపుకుంటూ పోగలదు గానీ, 10 శాతంలో ఆ పనికి వారం చాలదు.

కాబట్టి 4 నుంచి 5 శాతానికి దిగండి, అంటే మిల్లీలీటరుకు 40–50 మిల్లీగ్రాములు. మెథాక్రిలేషన్ (జెలటిన్‌కు వెలుతురుతో అతుక్కునే గుంపులు తగిలించిన మోతాదు) మధ్యస్థంగా ఉన్న జెల్‌మా తీసుకోండి. ఎక్కువగా ఉంటే శాతం తగ్గించినా వల బిగుసుకుంటుంది. ల్యాప్ (వెలుతురు పడగానే జెల్‌ను గట్టిపరిచే రసాయనం) మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము, 405 నానోమీటర్ల వెలుతురు. 20 సెకన్లతో మొదలుపెట్టి, జెల్ పట్టీ విరగకుండా అచ్చులోంచి లేచే అతి తక్కువ సమయాన్ని పట్టుకోండి. "ఇంకో నిమిషం ఉంచితే పోయేదేముంది" అనుకోవద్దు: జెల్ బిగుస్తుంది, ఫ్రీ ర్యాడికల్స్ కణాలను దెబ్బతీస్తాయి. గాలి తగిలే పై పొర ఆక్సిజన్ వల్ల జిగటగా మిగులుతుంది, దాన్ని చూసి సమయం పెంచకండి. పైన కవర్‌స్లిప్ వేస్తే సరిపోతుంది.

మన దగ్గరి వాతావరణం ఇందులో నిజంగా తేడా తెస్తుంది. ఎండకాలంలో ఏసీ లేని గదిలో జెల్‌మా నీళ్లలా ఉంటుంది, వెలుతురు పడేలోపే కణాలు అచ్చు అడుగుకు దిగిపోతాయి. అచ్చును ఐస్ ప్యాక్ మీద ఒక నిమిషం పెట్టి, కాస్త పేరుకున్నాక వెలుతురు పట్టండి. చలికాలం పొద్దున ఇదే ద్రావణం పిపెట్ టిప్పులోనే గడ్డకడుతుంది. ట్యూబు 37 డిగ్రీల బ్లాకులో ఉండాలి, టిప్పులూ వెచ్చగా ఉండాలి. చల్లబరిచిన సమయం మారితే గట్టిదనమూ మారుతుంది, అందుకే ప్రతిసారీ అంతే సమయం ఉంచి నోట్‌బుక్కులో రాయండి.

కణాల సంఖ్య కూడా చూసుకోండి. పక్కన తోటి కణం లేకపోతే కలవడానికి ఏముంటుంది? మిల్లీలీటరుకు కోటి కణాలు వేయండి. అంత దట్టంగా వేసినప్పుడు మందం అర మిల్లీమీటరు దాటకూడదు. ఆక్సిజన్ ఒక్కో వైపు నుంచి 100–200 మైక్రాన్ల లోతుకే బాగా అందుతుంది, దాటితే నడిమి కణాలు చనిపోతాయి.

అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది లాగుడు. పీడీఎంఎస్ (మెత్తటి సిలికోన్ రబ్బరు) అచ్చులో రెండు చివర్ల రెండు స్తంభాలు పెట్టి, గోడలకు అంటకుండా ప్లూరోనిక్ ఎఫ్-127 అనే పాలిమర్ పూసి, జెల్ పట్టీని ఆ స్తంభాలకే పట్టుకోనివ్వండి. కణాలు జెల్‌ను లోపలికి గుంజుతాయి, స్తంభాలు ఆపుతాయి, ఆ బిగువు వెంబడే కణాలు వరుస కడతాయి. పట్టు లేని మెత్తటి జెల్ ఉండలా ముడుచుకుపోతుంది. నా మాటగా అయితే మొదటిసారి మయోట్యూబులు చూడటానికి జెల్‌మా కంటే ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టేటప్పుడు ఫైబ్రినోజెన్ నుంచి థ్రాంబిన్ అనే ఎంజైము చేసే ప్రొటీన్ వల) మేలు: ఫైబ్రినోజెన్ మిల్లీలీటరుకు 4 మిల్లీగ్రాములు, థ్రాంబిన్ చివర్లో కలిపి వెంటనే పోయాలి. మీడియంలో (కణాలకు పోసే పోషక ద్రవం) అమైనోకాప్రోయిక్ యాసిడ్ లేకపోతే కణాలు ఫైబ్రిన్‌ను కరిగించేస్తాయి.

రెండు మూడు రోజులు గ్రోత్ మీడియంలో సాగనిచ్చి, అప్పుడు 2 శాతం హార్స్ సీరం (గుర్రపు సీరం) ఉన్న మీడియానికి మార్చండి, అది కణాలను విభజన ఆపి కలవడానికి మళ్లిస్తుంది. మొదటి రోజే మారిస్తే కణాలు సాగకముందే విభజన ఆపేస్తాయి.

ఇవన్నీ మార్చే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. అదే కణాలను మామూలు ప్లాస్టిక్ డిష్‌లో నిండనిచ్చి 2 శాతం హార్స్ సీరం ఇవ్వండి. ఐదారు రోజుల్లో అక్కడ మయోట్యూబులు వస్తే లోపం జెల్‌లోనే. అక్కడా రాకపోతే ఎన్ని శాతాలు మార్చినా లాభం లేదు: సి2సి12ను ఫ్లాస్కు నిండేదాకా పదేపదే వదిలేస్తే కలిసే గుణమున్న కణాలు తగ్గిపోతాయి. తక్కువ ప్యాసేజ్ (తక్కువసార్లు విడదీసి పెంచిన) వయల్ తీసి, 60–70 శాతం నిండగానే విడదీస్తూ పెంచండి.