నీట్ లాంగ్ టర్మ్ వద్దు, పూల డెకరేషన్ చేస్తానంటోంది!

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తిచేసింది. నీట్‌లో సీటొచ్చే ర్యాంకు రాలేదు. లాంగ్ టర్మ్‌కి పంపుతామంటే వద్దంటోంది. మొన్న మా బావమరిది కూతురి నిశ్చితార్థంలో పది టేబుళ్ల మీద గాజు గిన్నెల్లో నీళ్లు పోసి, పూలూ తేలే కొవ్వొత్తులూ పెట్టింది. అందరూ తెగ మెచ్చుకున్నారు. అప్పట్నుంచీ ఇదే పని చేస్తానంటోంది. ఇదీ ఒక కెరీరేనా? టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, తణుకు

జవాబు: కెరీరేనండీ. కాకపోతే చుట్టాల మెచ్చుకోళ్లని బట్టి నిర్ణయానికి రాకండి. ఆ రోజు పూలకి డబ్బు మీరో మీ బావమరిదో ఇచ్చి ఉంటారు. గిన్నెలు మోసింది ఇంట్లో కుర్రాళ్లు, మర్నాడు కడిగింది ఆడవాళ్లు. ఈ మూడింటికీ లెక్క కడితేనే అది వ్యాపారం.

అందుకే ముందు బంధువులు కానివాళ్ల దగ్గర, డబ్బు తీసుకుని, ఒక్క పది టేబుళ్ల ఆర్డరు చేయనివ్వండి. చాలా సంగతులు అక్కడే తేలిపోతాయి. మూడు లీటర్ల గిన్నె నింపితే మూడు కిలోలు దాటుతుంది. ఇంట్లో నింపి ఆటోలో పెడితే సగం దారిలోనే ఒలుకుతుంది. హాల్లోనే నింపాలి, అంటే కుళాయి ఎక్కడుందో ముందురోజే చూసుకోవాలి. అప్పుడే పట్టిన నీళ్లయితే కాసేపటికి గాజు లోపల బుడగలు పడతాయి. మైనం నీటికంటే తేలిక కాబట్టి కొవ్వొత్తి తేలుతుంది గానీ, వత్తి తడిసిందంటే చిటపటలాడి ఆరిపోతుంది. కాబట్టి ముందు నీళ్లు, తర్వాత పూలు, అన్నిటికన్నా చివర కొవ్వొత్తి. అంచుదాకా నింపకుండా రెండంగుళాలు వదిలేస్తే గాలికి కాస్త అడ్డు ఉంటుంది. పూలు మంటకి తగలకూడదని వేరే చెప్పక్కర్లేదు. గిన్నె మరీ ఎత్తుగా ఉండి ఎదుటివాళ్ల మొహం కనపడకపోతే, భోజనానికి కూర్చున్నవాళ్లు ముందు దాన్ని తీసి కింద పెట్టేస్తారు.

మా ఇంట్లో ఒక రిసెప్షన్‌కి వచ్చిన డెకరేటరు ఏసీ గాలి సూటిగా తగిలేచోట టేబుళ్లు సర్దాడు. పెళ్లికూతురు లోపలికి వచ్చేసరికి ముప్పై కొవ్వొత్తుల్లో వెలుగుతున్నవి నాలుగు. మా మేనల్లుడు లైటరు పట్టుకుని భోజనాలయ్యేదాకా తిరిగాడు. డెకరేటరు మాత్రం బిల్లు పూర్తిగా తీసుకున్నాడనుకోండి.

పూల ధర ఇంకో తలనొప్పి. ఆర్డరు ఒప్పుకున్ననాటి బంతిపూల రేటు శ్రావణ శుక్రవారానికో దసరాకో ఉండదు. 'పూలు ఆ రోజు ధరకే' అని మొదటే కాగితం మీద రాసుకోవడం నేర్పించండి. కడియపులంక పూల మార్కెట్టు మీకు మరీ దూరమేం కాదు. ఒకసారి తెల్లవారుజామునే తీసుకెళ్లి, బేరం ఆమెనే ఆడనివ్వండి. ఆషాఢం, పుష్యం, మూఢం రోజుల్లో పెళ్లిళ్లుండవు. ఆ నెలల్లో పుట్టినరోజులు, ఆఫీసు ఫంక్షన్లు పట్టుకోలేకపోతే చేతిలో పైసా ఆడదు.

ఇక చదువు. ఈఏపీసెట్ రాసి ఉంటే హార్టికల్చర్ డిగ్రీకి ప్రయత్నించవచ్చు. నాలుగేళ్ల కోర్సు. దీనికి మీ దగ్గర్లోనే, వెంకటరామన్నగూడెంలో డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. కానీ అక్కడ చెప్పేది మొక్కలూ పూలూ పెంచడం, కోశాక నిల్వ చేయడం. టేబుల్ డెకరేషన్ నేర్పుతారనుకుని చేర్చకండి. అలంకరణ, అతిథి మర్యాద, బ్యాంకెట్ నిర్వహణ కావాలంటే హోటల్ మేనేజ్‌మెంటే దగ్గరి దారి. హౌస్‌కీపింగ్‌లో పూల అమరిక కూడా ఉంటుంది. కేంద్ర సంస్థల్లో ప్రవేశానికి ఎన్‌సీహెచ్ఎం జేఈఈ రాయాలి. నన్నడిగితే, మీ అమ్మాయికి ఇదే ఎక్కువ నప్పుతుంది. ఏదీ కుదరకపోతే తణుకులోనే బీకామ్‌లో చేర్చి, ఆదివారాలు ఆర్డర్లు చేసుకోనివ్వండి. లెక్కలు ఎలాగూ రావాలి.

అప్పు చేసి స్టూడియో పెట్టిస్తానని మాత్రం ఇప్పుడే మాటివ్వకండి. పని నిలదొక్కుకున్నాక, చిన్న వ్యాపారాలకి బ్యాంకులిచ్చే ముద్ర రుణాల్లో 'శిశు' రకం కింద 50 వేల వరకు తీసుకోవచ్చు. చిన్న వ్యాపారాన్ని ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఎవరైనా ఏజెంటు డబ్బడిగితే ఇవ్వకండి.

లాంగ్ టర్మ్ సంగతంటారా, ఇష్టంలేని పిల్లని ఏడాదిపాటు హాస్టల్లో పెట్టి ఫీజు కట్టడం నాకు నచ్చదు. పది టేబుళ్ల ఆర్డరు అయ్యాక ఖర్చు కాగితం మీరిద్దరూ కూర్చుని చూడండి. ఈలోగా కౌన్సెలింగ్ నోటిఫికేషన్లు గమనిస్తూ ఉండండి. సర్టిఫికెట్ల పరిశీలనా ఆర్డరూ ఒకేరోజు పడ్డాయంటే, ఈ ఒక్కసారికి ఆర్డరు వదులుకోమనండి.