పెట్టెలు తెరిచే ముందు ఈ ఉత్తరం చదువు

అమ్మలూ,

నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, క్రిస్మస్ మ్యూజియంలో వస్తువులన్నిటి బాగోగులూ ఇకనుంచి నీ చేతిలోనేనట. "దానికిక ఏడాది పొడుగునా పండగే" అని నవ్వింది వదిన. నాకు మాత్రం ఒక్క క్షణం గర్వంగా అనిపించి, వెంటనే గుండెలో రాయి పడింది. రాత్రి కాసేపు కునుకు పడితే అందులోనూ నువ్వే. తడిగుడ్డ పట్టుకుని గాజుబొమ్మల ముందు నిలబడి ఉన్నావు. ఇక పడుకోలేక లేచి ఇది రాస్తున్నాను.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తాను. కాగితం, బట్ట ఉన్నచోట వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలత) దాటనివ్వకు. గదిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య నిలకడగా ఉండాలి. 65 దాటిందా, బూజు నీకంటే ముందే డ్యూటీకి వస్తుంది. పాత న్యూస్‌పేపరు, రబ్బరు బ్యాండు, సెల్లోటేపు గడప దాటి లోపలికి రాకూడదు. చుట్టడానికి యాసిడ్ లేని టిష్యూ కాగితం వాడు. ఈకలతో కట్టిన చెట్టు, ఉన్ని మేజోళ్లు వచ్చిన రోజే అల్మరాలో పెట్టెయ్యకు. పురుగు ఉందని అనుమానమొస్తే సంచిలో గట్టిగా మూసి మైనస్ 20 డిగ్రీల దగ్గర రెండు వారాలుంచు. మైనపు బొమ్మల్నీ రంగులేసిన గాజునీ మాత్రం ఆ చలిలో పెట్టకు. ఇవన్నీ నీ పుస్తకాల్లో ఉన్నవే. నా రిజిస్టర్‌లో ఉన్నది వేరే సంగతి, అది చెప్తాను.

నాకప్పుడు 26 ఏళ్లు, మ్యూజియంలో ఉద్యోగానికి చేరి నాలుగు నెలలు. ఒక ముసలావిడ చెప్పుల పెట్టెలో పదకొండు గాజుబొమ్మలు తెచ్చి ఇచ్చింది. అందులో ఒకటి శాంటా ముఖం, అరచేతిలో ఇమిడేంత. జర్మనీలో తురింగియా కొండల మధ్య లౌషా అనే ఊరుంది. 1597 నుంచీ గాజు పనివాళ్ల ఊరు. చెట్టుకు వేలాడదీసే గాజు బొమ్మలకు 19వ శతాబ్దంలో పేరు తెచ్చింది అదే. ఇంటిల్లిపాదీ చేసే పని. గాజు గొట్టాన్ని మంట మీద కాల్చి అచ్చులోకి ఊదుతారు. గొట్టంలోంచి వెండి ద్రావణం పోసి లోపలంతా పట్టేలా గిరగిరా తిప్పుతారు. ఆరాక పైన రంగులు దిద్ది, తోకలా మిగిలిన గొట్టం కోసి రేకు టోపీ పెడతారు. ఆ పాత రంగులు చాలావాటిలో జిగురు ఉంటుంది, నీళ్లు తగిలితే కరిగిపోతుంది. ఈ చివరి ముక్క నాకప్పుడు తెలీదు.

ముఖమంతా మసి పట్టి ఉంది. దూది నీళ్లలో ముంచి, బాగా పిండి, ఎడమ బుగ్గ మీద అద్దాను. మసి వచ్చింది. సంబరపడ్డాను. రెండోసారి అద్దితే దూది గులాబీ రంగులోకి తిరిగింది. అక్కడ ఆగొద్దూ? ఇంకా మరకే అనుకుని మూడోసారి తుడిచాను. బుగ్గ పోయింది, దానితోపాటు కన్నూ పోయింది. కన్ను ఉండాల్సిన చోట వెండి తళుక్కుమంది. అందులో నా ముఖం కనబడింది, చిన్నగా, వంకరగా.

అంతటితో అయిపోయుంటే నీకింత ఉత్తరం రాసేదాన్ని కాదు. పనిచేసే చేతులన్నాక పొరపాట్లు చేస్తాయి. ఆ సాయంత్రం నేను రిజిస్టర్ తెరిచి, వస్తువు స్థితి అన్న గడిలో "మ్యూజియానికి అందేనాటికే ఎడమవైపు రంగు రాలిపోయి ఉంది" అని రాశాను. గుండ్రటి అక్షరాలతో, ముచ్చటగా. సిరా ఆరేదాకా ఊదాను కూడా.

పద్నాలుగేళ్లు గడిచాయి. గాజు మీద రంగులు ఎందుకు రాలతాయో తేల్చుకోవాలని ఒక కుర్రాడు వచ్చాడు. మంచి కుర్రాడు, మెత్తటి మనిషి. నా రిజిస్టర్ ముందేసుకుని రెండు వారాలు రాసుకున్నాడు. ఒకరోజు కాగితాలు తెచ్చి చూపించాడు. ఒకవైపే రంగు పోయిందంటే ఆ వైపు కొవ్వొత్తి ఉండి ఉండాలి, ఏళ్ల తరబడి వేడి తగిలి ఉండాలి అని ఒక సిద్ధాంతం కట్టాడు. దానికి మొదటి సాక్ష్యం నా శాంటా. "మీరేమంటారు మేడమ్?" అన్నాడు. నాకు నోరు పెగల్లేదు.

మర్నాడు చెప్పేశాను. అతను కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. తన కాగితం మీద ఆ పేరా మొత్తం కొట్టేసి, తలెత్తకుండానే అడిగాడు, "ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి?" ఇదొక్కటేనని చెప్పాను. అది నిజమే. కానీ అతను ఎందుకు నమ్మాలి? అతని ముందున్నది నా రాతే కదా. అన్ని వందల గడుల్లో నిజాలు రాశాను. ఒక్క గడి వల్ల అన్నీ అనుమానంలో పడ్డాయి.

ఆ రోజే పాత వాక్యం మీద ఒక్క గీత గీశాను, కింది అక్షరాలు కనబడేలా. పక్కన జరిగింది జరిగినట్టు రాసి, తేదీ వేసి సంతకం పెట్టాను. నువ్వూ అలాగే దిద్దాలి. వైట్నర్ పూసిన రిజిస్టర్ చూస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. కంప్యూటర్లో రాస్తామంటావేమో. అప్పుడు పాత మాట చెరిగిపోకుండా ఎక్కడ నిలిచి ఉంటుందో ముందు కనుక్కో, ఆ తర్వాతే రాయడం మొదలుపెట్టు.

ఇక గాజు దగ్గరికి నీళ్లూ రావు, ఉమ్మీ రాదు. (ఉమ్మితో శుభ్రం చేసే పద్ధతి నీ చదువులో ఉందని తెలుసు, ఇక్కడొద్దు.) మెత్తటి పొడి కుంచె, అదీ రంగు గట్టిగా ఉందని భూతద్దంలో చూసుకున్నాకే. టోపీ పట్టుకుని ఎత్తకు. లోపలి తీగ ఎప్పుడు పట్టు వదులుతుందో చెప్పలేం. కింద ఒక చెయ్యి, పక్కన ఒక చెయ్యి. నంబరు గాజు మీద రాయకు, నూలు దారంతో చీటీ కట్టు.

పాత పెట్టెల అడుగున తెల్లటి మెత్తటి పొడి కనబడితే చెయ్యి పెట్టకు. 1930, 40లలో చెట్ల మీద చల్లే నకిలీ మంచు కొంత, ఊపిరితిత్తులకు హానిచేసే ఆస్‌బెస్టాస్‌తో చేసి అమ్మారు. ఏం కనబడినా ఉఫ్‌మని ఊదే అలవాటు నీకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉంది, మానుకో. పాత తళుకు తీగల్లో సీసం ఉండొచ్చు, చేతికి గ్లవ్స్ లేకుండా ముట్టుకోకు. సెల్యులాయిడ్ (తొలినాటి ప్లాస్టిక్) బొమ్మలు కర్పూరం వాసనేస్తాయి. పాడవడం మొదలయ్యాయంటే వాటి ఆవిరి పక్కనున్న లోహాన్ని తినేస్తుంది, నిప్పు తగిలితే భగ్గుమంటాయి. వాటిని విడిగా, చల్లగా, గాలాడేచోట ఉంచు.

డిసెంబరు వచ్చేసరికి పైవాళ్లకి ఉత్సాహం ఎక్కువవుతుంది. 1882లో ఎడిసన్ దగ్గర పనిచేసిన ఎడ్వర్డ్ జాన్సన్ న్యూయార్క్‌లో తన ఇంటి చెట్టుకు ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో 80 బల్బులు వెలిగించాడు కదా, మన దగ్గరున్న పాత దీపాల దండ కూడా ఒక్కసారి ప్లగ్గులో పెట్టి చూద్దాం అంటారు. ఒక్కసారి కూడా వద్దు. దాని వైరు తొడుగు ఎప్పుడో పెళుసెక్కిపోయి ఉంటుంది. 1914లో బ్రిటన్ రాజు కూతురు ప్రిన్సెస్ మేరీ పేరుతో బ్రిటిష్ సైనికులకు పంచిన ఇత్తడి పెట్టె ఉంటే, తోమి మెరిపిద్దాం అంటారు. తోమనివ్వకు. గట్టిగా చెప్పడానికి నీకు మొహమాటం. నా పేరు చెప్పు, మా అత్తయ్య చంపేస్తుందను.

బొమ్మల కాగితాల విషయంలో ఒక ముచ్చట. 1848లో లండన్ పత్రిక ఒకటి విక్టోరియా రాణి కుటుంబం క్రిస్మస్ చెట్టు చుట్టూ నిలబడ్డ చిత్రం అచ్చేసింది. 1850లో అమెరికాలో గోడీస్ లేడీస్ బుక్ అనే పత్రిక అదే చిత్రాన్ని వేస్తూ రాణి కిరీటం తీసేసింది, ఆమె భర్త ఆల్బర్ట్ మీసం గొరిగేసింది. రాజుగారి ఇల్లు కాస్తా మామూలు అమెరికన్ ఇల్లయిపోయింది. అలాంటి కాగితం చేతికొస్తే, "పాతకాలపు క్రిస్మస్ చిత్రం" అని చీటీ అంటించి చేతులు దులుపుకోకు. ఏ పత్రిక, ఏ ఏడాది, దానికి ముందు ప్రతి ఏది అని వెతుకు. మీసం తీసినవాడు పక్కన సంతకం పెట్టలేదు మరి.

వస్తువు ఇచ్చినవాళ్లని వెంటనే పంపెయ్యకు. కూర్చోబెట్టి అడుగు. చెట్టుకు దీన్ని ఎవరు కట్టేవారు, ఏ కొమ్మకి, పండగయ్యాక ఎవరు తీసి దాచేవారు. వాళ్ల మాటలు వాళ్ల యాసలోనే రాసుకో, నీ భాషలోకి దిద్దకు. పండగ ఆచారం అల్మరాలో పట్టదు, ఆ నాలుగు మాటల్లోనే దొరుకుతుంది. వచ్చిన పెట్టెని కూడా పారెయ్యకు. ఆ చెప్పుల పెట్టె నేను దాచాను, ఏ పుణ్యమో. మూత లోపలివైపు పెన్సిల్‌తో "పై కొమ్మలకే, పిల్లకి అందకుండా" అని ఉంది. ఆ పిల్ల, పెట్టె తెచ్చిన ముసలావిడేనేమో. అడగాలని తోచేనాటికి ఆవిడ లేదు.

గోళ్లు కత్తిరించుకుని వెళ్లు. గాజులు, ఉంగరం తీసి వెళ్లు. మొదటి పెట్టె తెరిచే రోజు నాకు ఫోన్ చెయ్యి, తెరిచాక కాదు, ముందే. నేనేమీ మాట్లాడను, లైన్లో ఉంటాను.

ఆ శాంటా ఇంకా నేను పనిచేసిన మ్యూజియంలోనే, మూడో సొరుగులో ఉంది. నువ్వొస్తే చూపించమని చెప్పి ఉంచాను. కుడి బుగ్గ ఇంకా గులాబీ రంగులోనే ఉంది.

మీ అత్తయ్య