ఐదు ఖాతాలు తెరిచి రెండింటితో మిగిలిన అనుభవం

చిన్న వ్యాపారం మొదలుపెట్టిన వాళ్లు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, లింక్డ్‌ఇన్, ఎక్స్ (పాత ట్విట్టర్) అన్నిటిలోనూ ఖాతాలు తెరవాలా, ఒకటి రెండు సరిపోతాయా అని మీరు అడిగారు. చేత్తో కుట్టిన నోటుపుస్తకాలు తయారు చేయడం, చిరిగిన పాత పుస్తకాలకు మళ్లీ బైండింగ్ చేయడం నా వృత్తి. పనిలో నేనూ నా భార్యా ఇద్దరమే. మొదటి ఏడాది మీరు చెప్పిన ఐదింటిలోనూ ఖాతాలు తెరిచాను. ఇప్పుడు వాటిలో రెండే నడుపుతున్నాను.

ఒకే ఫొటో, ఒకే వాక్యం ఐదు చోట్లా పెడితే పని తేలిక అవుతుందనుకున్నాను. తీరా చూస్తే ఒకచోట నిలువు ఫొటో కావాలి, మరోచోట అడ్డం ఫొటో కావాలి. ఇన్‌స్టాగ్రామ్ పోస్టు కింద రాసిన లింకు నొక్కితే తెరుచుకోదు కాబట్టి దాన్ని ప్రొఫైల్‌లో పెట్టి, అక్కడ చూడమని చెప్పాలి. ఇవన్నీ సర్దుకోవచ్చు గానీ, సర్దుకోలేనిది సందేశాల సంగతి. ఒక కార్యాలయం వాళ్లు తమ శిక్షణ తరగతులకు నలభై నోటుపుస్తకాలు కావాలని లింక్డ్‌ఇన్‌లో రాస్తే, నేను దాన్ని పదకొండు రోజుల తర్వాత చూశాను. అప్పటికి వాళ్లు వేరేచోట కొనేశారు. తప్పు పూర్తిగా నాదే. తెరిచిన ప్రతి ఖాతా ఒక కౌంటర్ లాంటిదని, అక్కడ మనిషి లేకపోతే వచ్చినవాడు వెనక్కి వెళ్లిపోతాడని అప్పుడు గాని నాకు తెలిసిరాలేదు.

ఆ తర్వాత ఆర్డర్లు రాసుకునే పుస్తకంలో ఒక గడి అదనంగా గీసి, వచ్చిన ప్రతి ఒక్కరినీ 'మా పని మొదట ఎక్కడ చూశారు?' అని అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు మూడు నెలలు రాశాను. వ్యూస్, లైకులు చూపించే గణాంకాలన్నిటికంటే ఆ గడి నాకు ఎక్కువ నేర్పింది. ఇన్‌స్టాగ్రామ్‌లో లైకులు అన్నిటికంటే ఎక్కువగా వచ్చేవి, కానీ ఆ పేర్లు ఒక్కొక్కటీ తెరిచి చూస్తే సగానికి పైగా నాలాంటి బైండర్లే! వాళ్ల మెచ్చుకోలు సంతోషమే, అయితే వాళ్లు నా దగ్గర నోటుపుస్తకం కొనరు. మరమ్మతు పనులు మాత్రం ఎక్కువగా ఒకే ఒక్క యూట్యూబ్ వీడియో నుంచి వచ్చాయి. వెన్ను ఊడిపోయిన నిఘంటువును విప్పి, ఫారాలు, అంటే మడిచిన కాగితాల కట్టలు, సరిచేసి, మైనం పూసిన దారంతో మళ్లీ కుట్టడం అందులో చూపించాను. సొంతంగా బాగుచేసుకుందామని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు, సగం చూసేసరికి ఇది తమ వల్ల అయ్యే పని కాదని గ్రహించి నాకు సందేశం పంపారు. పని నేర్పితే గిరాకీ పోతుందని భయపడి ఆ వీడియో పెట్టడానికి చాలాకాలం వెనకాడాను.

ఆ గడి చూశాకే నాకు ఒక తేడా అర్థమైంది. యూట్యూబ్, బొమ్మలు వెతికి దాచుకునే పింటరెస్ట్ లాంటివాటిలో జనం ఏదో వెతుక్కుంటూ వస్తారు కాబట్టి, రెండేళ్ల కిందట పెట్టినదైనా వెతికినప్పుడు కనిపిస్తుంది. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, ఎక్స్‌లలో జనం సాధారణంగా కాలక్షేపానికి తిరుగుతుంటారు, అక్కడ పోస్టు ఆయుష్షు తక్కువ, తరచుగా పెడుతూనే ఉండాలి. మీరు అమ్మేది అవసరం పడినప్పుడే గుర్తొచ్చే సేవ అయితే మొదటి రకం నయం. చూడగానే కొనాలనిపించే వస్తువైతే రెండో రకంలో కష్టపడినా ఫలితం ఉంటుంది. మీ కొనుగోలుదారులు సంస్థలైతే లింక్డ్‌ఇన్‌ను తోసిపుచ్చకండి. నేను దాన్ని వదిలింది అది పనికిరాక కాదు, నాకు తీరిక లేక.

ఖాతా తెరిచే ముందు ఒక కాగితం మీద అక్కడ పెట్టగల పన్నెండు విషయాలు రాసి చూడండి. లింక్డ్‌ఇన్ కోసం రాయబోతే నా కలం మూడో విషయం దగ్గరే ఆగిపోయింది, యూట్యూబ్‌కు మాత్రం కాగితం చాల్లేదు.

వాట్సాప్‌ను మీరు లెక్కలోకి తీసుకోలేదు గానీ, నా ఆర్డర్లు చివరికి ఖరారయ్యేది అక్కడే. 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్‌లో వస్తువుల కేటలాగ్ పెట్టుకోవచ్చు, తరచూ అడిగే ప్రశ్నలకు జవాబులు ముందే రాసి ఉంచుకోవచ్చు. ఒకే సందేశాన్ని చాలామందికి విడివిడిగా చేర్చే బ్రాడ్‌కాస్ట్ జాబితాకు పంపిన సందేశం మన నంబరును సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. ఇది లోపమని చాలామంది అంటారు, నాకైతే అదే మేలనిపిస్తుంది, ఎందుకంటే నంబరు దాచుకున్నవాళ్లు మళ్లీ కొనే అవకాశం ఉన్నవాళ్లు.

ఇంకొక జాగ్రత్త చెప్పాలి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ ఒకే సంస్థవి. 2021 అక్టోబరు 4న ఆ మూడూ ఒకేసారి దాదాపు ఆరు గంటలు ఆగిపోయాయి. అందువల్ల వాటిలో మూడు ఖాతాలు ఉన్నంత మాత్రాన మూడు వేర్వేరు ఆధారాలు ఉన్నట్టు కాదు. గూగుల్ లాంటి పెద్ద సంస్థ నడిపిన గూగుల్ ప్లస్ వేదిక కూడా 2019 ఏప్రిల్‌లో సాధారణ వినియోగదారులకు మూతపడింది. అందుకే కొనుగోలుదారుల అనుమతితో వాళ్ల ఫోన్ నంబర్లు, ఈమెయిల్ చిరునామాలు నా సొంత పుస్తకంలో విడిగా రాసి ఉంచుకుంటాను.

డబ్బు పెట్టి ప్రకటనలు ఇవ్వడం గురించి ఇప్పుడే ఆలోచించకండి. ఏ పోస్టు ఆర్డరు తెస్తోందో తెలియకముందు పెట్టే డబ్బు చీకట్లో విసిరిన రాయే అవుతుంది.

నేను నడుపుతున్నవి యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్. మిగిలిన మూడు ఖాతాలను తొలగించలేదు, తొలగిస్తే మా పేరుతో ఇంకెవరైనా తెరుస్తారేమోనని అలాగే ఉంచాను. 'ఇక్కడ సందేశాలు చూడము, దయచేసి ఈ వాట్సాప్ నంబరుకు రాయండి' అన్న ఒక్క పోస్టు మాత్రం మూడింటిలోనూ అన్నిటికంటే పైన కనిపించేలా పెట్టాను.