విత్తనపు మందలో ఏ ఆవును ఉంచాలి?

ప్రశ్న: మాకు ఒంగోలు ఆవులు తొమ్మిది ఉన్నాయి. నాలుగైదింటినే ఉంచుకుని, ఆబోతులకూ పెయ్యలకూ పేరున్న మంద చేయాలని ఉంది. బేరానికి వచ్చేవాళ్లు తెలుపు, కొమ్ము, సుడి చూస్తున్నారు. మేం ఏం చూడాలి?
– ఒక రైతు, పర్చూరు మండలం

జవాబు: ఆవును చూసేముందు దాని ఈతల లెక్క తీయండి. చూలు మోసేది సుమారు 285 రోజులు. ఈతకూ ఈతకూ 15 నెలలు, అంటే 455 రోజులు పట్టిందంటే ఈనిన 170 రోజులకు చూలు కట్టిందన్నమాట. మన జాతికి ఇది బాగున్నట్టే. అదే మేత తిని 20 నెలలు దాటిస్తున్న ఆవు ఎంత అందగత్తె అయినా విత్తనానికి తగదు. నిగనిగలాడే ఆవును కాస్త అనుమానించాలి కూడా. ఏడాదిగా దూడా పాలూ లేక తిన్నదంతా ఒంటికి పట్టి ఉండొచ్చు. పాలు తాగే దూడ పక్కనుండి, చివరి పక్కటెముకలు రెండు మూడు లీలగా కనిపించే ఆవే చాలాసార్లు మెరుగు.

తర్వాత దూడ తూకం. పుట్టినరోజున దూడను ఎత్తుకుని కాటా ఎక్కి, మీ బరువు తీసేయండి. ఆరేడు నెలలకు మిర్చి బస్తాలు తూచే ప్లాట్‌ఫాం కాటా చాలు. లారీలు తూచే వేబ్రిడ్జి మీద అయిదు, పది కిలోల తేడా తెలియదు. దూడలన్నీ ఒకే రోజు పుట్టవు కనుక తూకాన్ని 205 రోజుల వయసు లెక్కకు సరిచేయాలి. 26 కిలోలతో పుట్టిన దూడ 190వ రోజున 111 కిలోలు తూగిందనుకోండి. పెరిగిన 85ని 190తో భాగించి, 205తో గుణించి, 26 కలిపితే సుమారు 118. కోడెదూడలను కోడెదూడలతోనే, ఒకే కాలంలో పుట్టినవాటినే పోల్చండి. ఒక ఆవుకు రెండు చన్నులు దూడకు వదిలి, ఇంకోదాన్ని మొత్తం పిండేస్తే ఈ లెక్కంతా వృథా.

పొదుగును ఈనిన రోజే చూడాలి. నెల తర్వాత ఏ పొదుగైనా బాగానే కనిపిస్తుంది. చన్నులు సీసాల్లా ఉబ్బితే పసిదూడ నోటికి పట్టవు, జున్నుపాలు అందవు. 25 కిలోల దూడకు మొదటిరోజు రెండున్నర లీటర్లు పడాలి, అందులో తొలి విడత రెండు గంటల్లోపే. అడుగుభాగం వెనక మోకాలి కిందికి జారిన పొదుగూ వద్దు. గట్టి నేల మీద నడిపించి, గిట్టలు కత్తెరలా ఒకదానిమీదొకటి ఎక్కుతున్నాయేమో చూడండి.

నల్లటి ముట్టె, నల్లటి కనురెప్పలు, పొట్టి కొమ్ములు జాతి గుర్తులు. ఇన్ని దాటాకే వాటి వంతు. సుడి బేరంలో ధర మారుస్తుంది, దూడ ఎదుగుదలను మార్చదు.

ఉంచుకునే ప్రతి ఆవుకూ బ్రుసెల్లా (చూలు ఈచుకుపోయేలా చేసే, మనుషులకూ అంటే రోగం) రక్తపరీక్ష చేయించండి. చూలు ఆరో నెల దాటాక ఈచుకుపోయిన ఆవును ముందు విడిగా కట్టేయండి, మాయను ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు. పెయ్యదూడగా 4–8 నెలల్లో బ్రుసెల్లా టీకా పడి ఉంటే డాక్టరుకు చెప్పాలి. టీకా వల్ల కూడా పరీక్షలో పాజిటివ్ రావచ్చు. సెమెన్ స్ట్రా (వీర్యం నింపిన సన్నటి గొట్టం) మీది ఆబోతు నంబరు రాసిపెట్టుకోండి. అదే ఆబోతు సెమెన్ దాని కూతురికి వేస్తే పుట్టే దూడలో ఇన్‌బ్రీడింగ్ (దగ్గరి రక్తసంబంధం) లెక్క 25 శాతం.

ప్రశ్న: మంచి ఆవు. మూడుసార్లు సెమెన్ వేయించినా చూలు నిలవలేదు. అమ్మేయాలా?
– కనిగిరి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. ఒంగోలు ఆవు ఎద తక్కువసేపే ఉంటుంది, తరచూ రాత్రిపూట వస్తుంది, పెద్దగా అరవదు. పొద్దున తీగ (ఎదలో మానం నుంచి జారే జిగట ద్రవం) కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున వేయించాలి. తీగ తెల్లగా, చీములా ఉంటే గర్భసంచిలో ఇన్ఫెక్షన్. ముందు దానికి వైద్యం. తీగ అద్దంలా ఉండి, 21 రోజులకోసారి ఎద వస్తూ, వేళకే వేయించినా నిలవకపోతే డాక్టరుతో గర్భసంచి, అండాశయాలు చూపించండి. అక్కడ లోపం తేలి, వైద్యం తర్వాత రెండు ఎదలకూ కట్టకపోతే విత్తనపు మందలోంచి తీసేయొచ్చు.