స్వాధీనమా, ఆధీనమా?

సందేహం: మేం టెక్సస్‌లో ఉంటాం. ఇక్కడి తెలుగు పత్రికకు రాస్తూ ‘నేరస్థులు తుపాకీ స్వాధీనంలో ఉంచుకోవడం నేరం’ అన్నాను. స్వాధీనం చేసుకునేది పోలీసులు కదా, ‘ఆధీనంలో’ అని మార్చమన్నారు. ఏది ఒప్పు?

సమాధానం: మార్చమన్నవారి మాటలోనే తప్పుంది. ‘ఆధీనం’ అనే మాట లేదు, ఉన్నది అధీనమే. స్వాధీనంలో దీర్ఘం సంధి వల్ల వచ్చింది. విడదీసేటప్పుడు దాన్ని వెంట తెచ్చుకోకూడదు. టీవీలవాళ్లు రోజూ ‘పోలీసుల ఆధీనంలో’ అని చదువుతుంటే పిల్లలకు అదే ఒప్పని నాటుకుపోతోంది.

ఇనుడంటే ప్రభువు; ఇనుణ్ణి పొందినది అధీనమని కొందరి వ్యుత్పత్తి. పాణినీయులు ‘అధి’ మీద ప్రత్యయం చేర్చి సాధిస్తారు. నాకు మొదటిదే ఇష్టం, అందులో ఏలిక కనిపిస్తాడు. అష్టవిధ నాయికల్లో స్వాధీనపతికను తలచుకోండి. ఆమె భర్తను ఎక్కడా పట్టి బంధించలేదు. అతడు ఆమె చెప్పుచేతల్లో ఉంటాడు, అంతే. స్వాధీనమంటే అదీ! జప్తు అనే చక్కటి మాట ఉండగా దాన్ని వదిలి, ఈ మాటను పోలీసుల పాలు చేశాం.

మీ రాష్ట్ర చట్టం అడిగేదీ ఈ చెప్పుచేతల సంగతే. తుపాకీ సొంతం కానక్కర్లేదు. సంరక్షణ, అదుపు, నిర్వహణ ఏది ఉన్నా చాలు. భార్య కొన్న తుపాకీయే అయినా, బీరువా తాళం శిక్ష పడిన భర్త దగ్గరుంటే చిక్కే. జైలు నుంచో పెరోల్ నుంచో బయటపడి 5 ఏళ్లు నిండేదాకా ఎక్కడా ఉంచుకోకూడదు, నిండాక ఇంట్లో మాత్రమే. తప్పితే 2 నుంచి 10 ఏళ్ల జైలు, 10,000 డాలర్ల దాకా జరిమానా. ఫెడరల్ చట్టం ఆ ఇంటి వెసులుబాటూ ఇవ్వదు, ఈ సంగతి మీ పాఠకులకు తప్పక చెప్పండి. ఫ్లోరిడాలో తుపాకీ ఒంటిమీదే దొరికితే కనీసం 3 ఏళ్లు తప్పదు. ఎక్కడో దాచి, అదుపు మాత్రమే తనదైతే ఆ కనీసం వర్తించదు.

కాబట్టి మీ వాక్యం తప్పు కాదు. అయినా నేటి పాఠకుడు పోలీసులను ఊహించుకునే ప్రమాదముంది గనుక, ‘తన అధీనంలో ఉంచుకోవడం’ అంటే మేలేమో. ‘దగ్గర ఉంచుకోవడం’ తేలికే గాని, బీరువాలో దాచినదానికి చాలదు.

‘నేరస్థుడు’ తెలుగు మాటకు సంస్కృతపు తోక. వాడుకలో నిలిచింది, ఉండనివ్వండి. కానీ మీ చట్టం చెప్పేది ప్రతి నేరస్థుడి గురించీ కాదు, ఫెలొనీ అనే పెద్ద నేరంలో శిక్ష పడినవాడి గురించి. అది విప్పి రాయండి.