కంటి డాక్టరుకు కిడ్నీ రిపోర్టు ఎందుకు?

ప్రశ్న: మాది హాలియా దగ్గర పల్లె. మా మామకు 61 ఏండ్లు, షుగర్ వచ్చి 14 ఏండ్లయింది. పోయినేడు చూపు మసకబారితే హైదరాబాద్‌లో కుడి కంట్లో రెండు ఇంజెక్షన్లు వేశారు. చూపు కుదురుకుందని మళ్లీ పోలేదు. ఇప్పుడు మళ్లీ మసక, కాళ్లకు వాపు. షుగర్‌కు మిర్యాలగూడలో చూపిస్తాం. మోకాళ్ల నొప్పులకు ఊర్లోనే గోలీలు తెచ్చుకుంటాడు. కంటి డాక్టరేమో కిడ్నీ టెస్టులు తెమ్మన్నారు. కండ్లకు, కిడ్నీలకు ఏం సంబంధం? కంట్లో సూదులు వేయిస్తే ఉన్న చూపు కూడా పోతుందని చుట్టాలు భయపెడుతున్నారు.
– ఒక కోడలు, నల్లగొండ జిల్లా

జవాబు: అమ్మా, ఆ టెస్టులు ముందు చేయించండి. కంటి లోపలి రెటీనా పొరలోనూ కిడ్నీల్లోనూ ఉండేవి చాలా సన్నని రక్తనాళాలు. షుగర్, బీపీ ఏళ్ల తరబడి ఎక్కువుంటే రెండు చోట్లా దెబ్బతినేది అవే. కంట్లోవి మా కంటి డాక్టర్లకు నేరుగా కనిపిస్తాయి, కిడ్నీలోవి కనిపించవు. అందుకే మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్, రక్తంలో కిడ్నీలు బయటికి పంపాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం ఎంతున్నాయో చూడమంటాం. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్), హిమోగ్లోబిన్, బీపీ కూడా కావాలి. బీపీ దిగకపోయినా, రక్తం తక్కువున్నా, కిడ్నీ సరిగా పనిచేయకపోయినా, దెబ్బతిన్న నాళాల నుంచి ఊరి కంట్లో చేరిన నీరు ఓ పట్టాన తగ్గదు.

కాళ్ల వాపు సంగతి ఇంకా ముఖ్యం. మోకాళ్ల కోసం వాడే నొప్పి గోలీలు కిడ్నీలను దెబ్బతీస్తాయి, వాటిని ఈ రోజే ఆపించండి. షుగర్ మందుల్లో పయోగ్లిటజోన్ ఉందేమో చీటీ చూడండి. అది కొందరికి కాళ్లలోనూ రెటీనాలోనూ నీరు చేరేలా చేస్తుంది. ఉంటే మీరుగా మానేయించకుండా షుగర్ డాక్టరుకు కంటి రిపోర్టు చూపించి అడగండి. ఆయన ఇన్సులిన్ మొదలుపెడితే ఆ మాట కంటి డాక్టరుకూ చెప్పండి. ఎక్కువగా ఉన్న షుగర్ ఒక్కసారిగా దిగితే కొందరికి కంటి జబ్బు మొదట్లో కాస్త పెరుగుతుంది. దానికి భయపడి ఇన్సులిన్ వద్దనకండి, కంటి పరీక్షలు దగ్గర దగ్గరగా చేయిస్తే సరిపోతుంది.

నా దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది క్యారీబ్యాగు తెచ్చి బల్ల మీద గుమ్మరిస్తారు. దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక రైతు సంచిలో రెండు గోలీల షీట్లున్నాయి. పేర్లు వేరు, రంగులు వేరు, లోపల ఉన్నది ఒకటే, గ్లిమిపిరైడ్ అనే షుగర్ మందు. ఒకటి పట్నంలో రాసిచ్చింది, ఇంకోటి ఊర్లో తీసుకున్నది. రెండూ వేసుకుంటున్నాడు. తెల్లారుజామున చెమటలు పట్టి వణుకు వస్తుంటే నీరసమనుకున్నాడట. షుగర్ పడిపోయి మనిషి ప్రాణానికే ముప్పు వచ్చేది. డాక్టర్లు ముగ్గురున్నా ఒకరు రాసింది ఇంకొకరికి తెలియకపోతే జరిగేది ఇదే. ఒక ఫైలు పెట్టండి. అందులో మొదటి కాగితం మీద ఇప్పుడు వాడుతున్న మందులన్నీ, ఊర్లో తెచ్చుకున్న గోలీలు, ఆకు పొడులతో సహా రాయండి. ఏ డాక్టరు దగ్గరికైనా అదే ఫైలుతో వెళ్లండి.

ఇక సూది భయం. చుక్కలు వేసి కన్ను మొద్దుబారాకే వేస్తారు, కొన్ని సెకన్ల పని. ఇన్ఫెక్షన్ చాలా అరుదు. వేసిన తర్వాత నొప్పి, ఎరుపు పెరిగినా, చూపు తగ్గినా వెంటనే వెళ్లాలి. ఈ మధ్య గుండెపోటు, పక్షవాతం వచ్చి ఉంటే ముందే చెప్పండి. మందు ప్రభావం కొన్ని వారాలే. అందుకే మొదట్లో సాధారణంగా నెలనెలా వేస్తారు. మీ మామగారికి చూపు కుదురుకున్నది మందు పనిచేసినందుకే, జబ్బు పోయినందుకు కాదు. ప్రతి నెలా రావడం కుదరకపోతే మొహమాటపడకుండా డాక్టరుకు చెప్పండి. జబ్బు ముదిరి రెటీనా మీద బలహీనమైన కొత్త రక్తనాళాలు పుట్టే దశలో, మధ్యలో ఇంజెక్షన్లు మానేసినవాళ్లకు నష్టం ఎక్కువ. అలాంటివారికి లేజర్ మేలు. లేజర్ పోయిన చూపును తేదు, ఉన్నదాన్ని నిలబెడుతుంది.

ఎడమ కంటిని కూడా చూపించండి. కంటి వెలుగు శిబిరంలో అద్దాలిచ్చారు కదా అని ఊరుకోవద్దు. అద్దాల పరీక్ష వేరు, చుక్కల మందు వేసి రెటీనా చూడడం వేరు. ఇంట్లో ఇంకెవరికి షుగర్ ఉన్నా, చూపు బాగున్నా సరే, ఏడాదికోసారి ఈ పరీక్ష తప్పదు. నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రి కంటి విభాగంలో అడగండి, లేదంటే మెహదీపట్నం సరోజినీదేవి ఆసుపత్రి ఉంది. మీ మామగారికి కంటి ముందు ఉన్నట్టుండి నల్లటి మచ్చలు తేలినా, తెర దిగినట్టయినా మాత్రం వరికోతలున్నా ఆగకండి, ఆ రోజే తీసుకెళ్లండి.