రాతిలో ఆకు ముద్ర

ప్రశ్న: ఓపెన్‌కాస్ట్ గని పక్కన పోసిన మట్టి కుప్ప దగ్గర మా అబ్బాయికి ఆకు ముద్ర ఉన్న రాయి దొరికింది. బొగ్గు నిజంగా చెట్ల నుంచే పుట్టిందా?
– ఒక పాఠకురాలు, మందమర్రి

జవాబు: అవును. నాలుక ఆకారం, నిటారైన నడిమి ఈనె, దానికి ఇరువైపులా వలలా అల్లుకున్న సన్నని ఈనెలు కనిపిస్తే అది చాలావరకు గ్లాసాప్టెరిస్ అనే, ఇప్పుడు అంతరించిన చెట్టు ఆకే. 25 కోట్ల ఏళ్లకు పూర్వం, పర్మియన్ కాలంలో, మన నేల, దక్షిణాది ఖండాలన్నీ కలిసి ఉన్న గోండ్వానా మహాఖండంలో భాగంగా ఉన్నప్పుడు గోదావరి లోయలోని చిత్తడి అడవుల్లో ఈ చెట్లు పెరిగాయి. రాలిన ఆకులు, కూలిన మానులు నిలవనీటిలో గాలి సోకక, పూర్తిగా కుళ్లక పీట్‌గా, అంటే సగం కుళ్లిన మొక్కల మెత్తని పొరగా, పేరుకున్నాయి. లోయ అడుగు కుంగుతున్న కొద్దీ పైన చేరిన ఇసుక, బురదల బరువుకూ భూగర్భపు వేడికీ అందులోని నీరు, వాయువులు వెళ్లిపోయి, కర్బనం పాలు పెరిగి బొగ్గయింది. మన బొగ్గులో బూడిద ఎక్కువగా ఉండడానికి ఆనాటి ప్రవాహాలు తెచ్చి కలిపిన మట్టే ప్రధాన కారణం.

ఇల్లందులో 1889లో తవ్వకం మొదలైంది. నేడు రామగుండం విద్యుత్ కేంద్రంలో ఈ బొగ్గును పిండిలా నూరి బాయిలర్లలో మండిస్తే, పుట్టిన ఆవిరి టర్బైన్‌ను తిప్పుతుంది. ఆనాటి ఆకు పట్టిన ఎండ అలా కరెంటుగా మారుతుంది. ఆ ఆకు గాలి నుంచి తీసుకున్న కర్బనం కూడా తిరిగి గాలిలోకే చేరుతుంది, వాతావరణం వేడెక్కడానికి కారణమూ అదే.

రాయిని కడగకుండా మెత్తని కుంచెతో తుడిచి, దొరికిన చోటు, తేదీ రాసి దాచండి. బాబును మాత్రం ఆ కుప్పల వైపు మళ్లీ వెళ్లనివ్వకండి. వానకు నానిన మట్టి ఉన్నట్టుండి జారుతుంది.